ట్రావ్నిక్‌లో తిరిగివ్వాల్సిన కార్డు

సాన్‌స్కి మోస్త్,
2003 మార్చి 2

పెద్దోడా,

నిన్నిలా పిలిచి ఎన్నేళ్ళైందో. కవరు మీద మాత్రం ఎప్పటిలాగే చిన్నోడి పేరే రాశాను, రుస్మిర్ తుర్కనోవిచ్ అని. ఆ పేరు రాసేటప్పుడు ప్రతిసారీ నా చెయ్యి కాసేపు ఆగుతుంది. ఇవాళ మరీ ఎక్కువసేపు ఆగింది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ అది నడవాలో ఉంది, అమ్మ చెవుల సంగతి నీకు తెలియంది కాదు. అందుకే రాస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్.

ముందు మామూలు కబుర్లు చెప్పనీ, ధైర్యం కూడగట్టుకోవాలి కదా. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. మీ బావ ముర్సెల్ పైకప్పు పెంకులు మారుస్తానని ఆకులు రాలినప్పటి నుంచీ చెబుతున్నాడు, ఇప్పుడు గిన్నెలు పెట్టి నీళ్ళు పడుతున్నాం. అమ్మకి దగ్గు. లిండెన్ పూల టీ తప్ప ఏ మందూ ముట్టదు. పోయిన ఆదివారం నీ ఫుట్‌బాల్ ఆట టీవీలో వచ్చింది. ఆ చెప్పేవాడు రుస్మిర్ అన్నప్పుడల్లా అమ్మ అల్లిక సూదులు ఆపేసి వింటుంది. ఎందుకు ఆపుతుందని నేనెప్పుడూ అడగలేదు.

ఇక అసలు సంగతి. గురువారం, యుద్ధంలో కనబడకుండా పోయినవాళ్ళ గుర్తింపు కార్యాలయం నుంచి కబురొచ్చింది. పోయిన వేసవిలో కొండ కింద తవ్విన గోతిలో దొరికిన ఎముకల్లో ఒకరివి అమ్మ రక్తంతో కలిశాయట. ఆవిడ కొడుకే, ఏ అనుమానమూ లేదన్నారు. అక్కడ ఎమ్సుద్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు, మెల్లగా మాట్లాడతాడు, రోజూ ఇలాంటి మాటలే చెప్పి చెప్పి ఆయనకి అలవాటైపోయింది. నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అప్పుడు అడిగాడు.

"చెల్లెమ్మా, ఒక చిక్కుంది. మీరు కనబడటం లేదని రాయించింది ఫిక్రెత్‌ని. అతనికి పద్దెనిమిదేళ్ళు. ఈ ఎముకలు పదిహేను, పదహారు దాటని పిల్లాడివి. మీ ఇంకో తమ్ముడు ఆస్ట్రియాలో ఆడుతున్నాడని దేశమంతటికీ తెలుసు. మరి ఈ పిల్లాడెవరు?"

ఏం చెప్పను? తొంభై ఆరులో ఆ జాబితాలో నీ పేరు రాయించింది నేనే. అప్పటికే నువ్వు జెనిత్సాలో వాడి పేరుతో ఆడుతున్నావు. బతికున్న ఫిక్రెత్‌ని కనబడటం లేదన్నాను, కనబడని రుస్మిర్‌ని బతికున్నాడన్నాను. చిన్నోడు ఏ ఊళ్ళోంచో, ఏ దేశంలోంచో తిరిగొస్తే అప్పుడు సర్దుకుందాం అనుకున్నాం. వాడు రాలేదు, వాడి ఎముకలు వచ్చాయి.

జూలై ఇరవైన గోతిలో దొరికిన వాళ్ళందరితో పాటు జనాజా, పూడ్చడం. పేర్ల జాబితా జూన్ పదికి మూసేస్తారు. ఈలోగా నేను వెళ్ళి సంతకం చెయ్యాలి. ఏ పేరు మీద చెయ్యనురా? నిజం చెబితే నీ ఆట ఆ రోజుతో సరి. అబద్ధం చెబితే చిన్నోడు మట్టిలో కూడా తనది కాని పేరుతో పడుకుంటాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడేలా ఉంది. నువ్వే చెప్పు.

మోకాలు ఎలా ఉంది?

అక్క,
హైరియా

*

గ్రాజ్,
2003 మార్చి 15

అక్కా,

ఉత్తరం అందింది. పొయ్యిలో పడెయ్యలేదు, ఇక్కడ పొయ్యి ఎక్కడుంది, వేడి గొట్టాల్లో వస్తుంది. పాత మేజోడులో దాచాను.

మోకాలు వాచే ఉంది. మా కోచ్ పట్టీ కట్టేవాడి పక్కన నిలబడి, "ఇరవై ఆరేళ్ళకే ఇవేం కాళ్ళయ్యా, మా మామగారివి నయం" అంటాడు. ఇరవై తొమ్మిది అని చెప్పలేను కదా, నవ్వేస్తాను. ఇరవై ఒకటి లోపు కుర్రాళ్ళ జట్టులో ఆడినప్పుడు నాకు ఇరవై మూడు. ఇంత చిన్న వయసులో ఎంత నిదానం, ఎంత చూపు అని పత్రికలు రాశాయి. ఆ దొంగిలించిన మూడేళ్ళు ఇప్పుడు మోకాళ్ళలో దిగుతున్నాయి. అప్పుడు నాతో ఆడవలసిన ఏ కుర్రాడి చోటు నేను తినేశానో, వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

నాలుగు రోజులు ఆలోచించాను అక్కా. నా పేరే పెట్టించు. మా ఫిక్రెత్ పొట్టివాడు, పీలగా ఉండేవాడు, అందుకే ఎముకలు చిన్నపిల్లాడివిలా ఉన్నాయని ఎమ్సుద్ గారికి చెప్పు. వాడు తన పేరు నాకిచ్చాడు, నా పేరు వాడికిస్తాను. ఎలాగూ తొంభై రెండు వేసవి తర్వాత ఫిక్రెత్ అనేవాడు ఎక్కడా లేడు. బ్యాంకులో లేడు, పాస్‌పోర్టులో లేడు, ఆటగాళ్ళ పట్టికలో లేడు. వాడు పోయాడంటే ఒక్కరికీ నష్టం లేదు.

అమ్మకి మాత్రం ఏమీ చెప్పకు. ఇక్కడ మన పొరల రొట్టె పిటా దొరుకుతుంది గానీ పిండి చెక్కలా ఉంటుంది. నువ్వు చేసే పాలకూర పిటా తలుచుకుంటూ తింటాను.

నీ తమ్ముడు

*

సాన్‌స్కి మోస్త్,
2003 ఏప్రిల్ 6

పెద్దోడా,

ఒక్కరికీ నష్టం లేదా? ఎంత తేలిగ్గా రాసేశావురా. వాడు నీకంటే జానెడు పొడుగు, ఆ సంగతి మర్చిపోయావా? ఎముకల వయసు పొడవుని బట్టి చెప్పరట, కీళ్ళ దగ్గర చూసి చెబుతారట. నువ్వు చెప్పమన్న కథ ఎమ్సుద్ ముందు పెడితే ఆ పెద్దమనిషి మర్యాదకి తల ఊపుతాడేమో గానీ నమ్మడు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ముర్సెల్ పేపర్ తెచ్చాడు. మరో రెండేళ్ళకి ఒప్పందం మీద సంతకం పెట్టావట, ఫొటోలో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నావు. ఓహో, సంగతి ఇదా అనుకున్నాను. అక్కడ వాడి పేరుతో నీ సంతకం, ఇక్కడ నీ పేరుతో నా సంతకం. పంపకం బాగానే కుదిరింది.

అమ్మకి చెప్పకు అన్నావు. రక్తం ఇచ్చింది ఆవిడైతే చెప్పకుండా ఎలా కుదురుతుంది? తీసుకెళ్ళాను. బల్ల మీద కాగితం పరిచి గోధుమరంగు స్వెట్టర్ పెట్టారు. ఒకే ఉన్నితో మీ ఇద్దరికీ ఒక్కలాంటివి అల్లిందే, అది. ఇద్దరికీ ఉంది కాబట్టి దీన్నిబట్టి ఏమీ చెప్పలేమన్నాడు ఎమ్సుద్. అమ్మ స్వెట్టర్ మెడలోకి చెయ్యి దూర్చి వేళ్ళు చాపి చూసింది. చిన్నోడి తల పెద్దది, మెడ పట్టేస్తోందని గోల పెడితే వాడిది నాలుగు వరుసలు విప్పి వదులుగా అల్లింది గుర్తుందా? అలా చూసి, మడతపెట్టి, ఇంటికి పోదాం అంది. ఇంటికొచ్చి పొద్దుపోయేదాకా ఉల్లిపాయలు తరిగింది, ఇంట్లో ఎవరూ అడగని ఉల్లిపాయలు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచుకున్నది ఒకటి చెప్తాను. అమ్మ మీద నాకు కోపం. ఆవిడ గిన్నెలు కడుగుతూ, ఆవిడ దుప్పట్లు ఉతుకుతూ పదకొండేళ్ళుగా ఆ కోపం మింగుతున్నాను. ఆ వేసవిలో నేను బిహాచ్‌లో అత్తారింట్లో ఉన్నాను, ఏదీ కళ్ళారా చూడలేదు. తర్వాత ఆవిడే చెప్పింది, చిన్నోడి బడి కార్డు తీసి నీ జేబులో పెట్టి నిన్ను ఆడవాళ్ళూ పిల్లలూ వెళ్ళే బస్సు ఎక్కించానని. అంటే ఇద్దరు కొడుకుల్లో బంతి ఆడేవాణ్ణి ఎంచుకుంది. పదిహేనేళ్ళవాడు, ఆ బస్సులో హక్కుగా కూర్చోవలసినవాడు, నాన్న వెంట అడవిలోకి నడిచాడు. నాన్నని నాలుగేళ్ళ కిందట పూడ్చాం. వీణ్ణి ఇప్పుడు పూడ్చబోతున్నాం, అదీ నీ పేరుతో. ఏ తల్లి చేస్తుందిరా ఆ పని?

నువ్వు మిడ్‌ఫీల్డర్‌వి అంటారు. నాకు తెలిసినంతలో ఆ పని బంతి తీసుకుని ఇంకొకరికి ఇవ్వడమే. తీసుకున్నది ఇదొక్కటి మాత్రం ఇన్నేళ్ళైనా ఎందుకివ్వలేకపోయావు?

హైరియా

*

గ్రాజ్,
2003 మే 4

అక్కా,

ఒప్పందం సంతకం ఫిబ్రవరిలో చేసింది. నీ మొదటి ఉత్తరం అప్పటికి రాలేదు. పేపర్ వాళ్ళు తీరిగ్గా వేశారు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

నన్ను ఎన్నైనా అను, పడతాను. అమ్మని అన్నది మాత్రం చదివి ఊరుకోలేను. అమ్మ నీకు అబద్ధం చెప్పింది అక్కా. నా కోసం చెప్పింది.

కార్డు అమ్మ పెట్టలేదు. అంతకు వారం ముందు పక్క ఊరి వాళ్ళతో ఆడుతూ నా చీలమండ బెణికింది. చుట్టూ అంత జరుగుతుంటే బంతి ఆడామంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు, మేం ఆడాం. బస్సుల్లోంచి పదహారు దాటిన మగవాళ్ళని అటువైపు సైనికులు దింపేస్తున్నారని ఊరంతటికీ తెలుసు. నాన్నా నేనూ అడవి దారిన మనవాళ్ళ చేతిలో ఉన్న ట్రావ్నిక్‌కి నడవాలని, అమ్మా చిన్నోడూ బస్సెక్కాలని అనుకున్నాం. పొద్దున్నే బూటు తొడగబోతే నా కాలు దూరలేదు. నాన్న బూటు తాళ్ళన్నీ విప్పి చూశాడు, అయినా దూరలేదు. చిన్నోడు గడప మీద కూర్చుని రొట్టె తింటూ ఇదంతా చూశాడు. లేచి చేతులు దులుపుకుని, జేబులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పొట్టోడివి, మీసం కూడా రాలేదు, నమ్మేస్తారు. నేను నడుస్తాలే. ట్రావ్నిక్‌లో తిరిగిచ్చెయ్. పోగొట్టావంటే చంపేస్తా."

నవ్వాడు కూడా. నేను వద్దనాలి కదా. వాడికంటే మూడేళ్ళు పెద్దవాణ్ణి. అనలేదు. భయమేసింది, తీసుకున్నాను. అడవిలో రాత్రి చలని తొడుక్కున్న వాడి స్వెట్టర్ చెయ్యి పట్టుకుని అమ్మ వెనక్కి లాగింది, అది సాగిపోయింది, వాడు విడిపించుకున్నాడు. బస్సులో ఒకడు కార్డు చూశాడు, నా మొహం చూశాడు, ఇచ్చేశాడు. అంతే. దిగాక అమ్మ నా చెవిలో ఒకే మాట అంది, ఎవరడిగినా నేనే పెట్టానని చెబుతాను, నువ్వు నోరెత్తకు అని.

ట్రావ్నిక్‌లో బడి నేల మీద పడుకుని నెల రోజులు రోడ్డు వైపు చూశాను. కాలు తగ్గింది. బడి వెనక పిల్లలతో ఆడుతుంటే ఒక కోచ్ చూసి పేరడిగాడు. ఫిక్రెత్ అంటే పద్దెనిమిది, మర్నాడే తుపాకీ ఇచ్చి కొండ మీదికి పంపుతారు. కార్డు చూపించాను. రేపో ఎల్లుండో వాడొస్తాడు, అప్పుడు ఇచ్చేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత జెనిత్సా, ఆ తర్వాత ఇక్కడ. ప్రతి మైదానంలోనూ వాడి పేరు అరిచారు, ప్రతిసారీ నేను చెయ్యెత్తాను.

కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

జూన్ పదకొండున జెనిత్సాలో దేశం తరఫున ఆడుతున్నాను. ఆ ఆట అయ్యేదాకా సంతకం పెట్టకు. ఎందుకని అడక్కు. అమ్మకి టీవీ పెట్టు, చప్పుడు కొంచెం పెద్దగా పెట్టు.

నీ తమ్ముడు

*

సాన్‌స్కి మోస్త్,
2003 జూలై 6

పెద్దోడా,

ఇంతకాలం రాయలేదు, రాయడానికి మొహం లేక. ఇప్పుడు వరసగా చెప్తాను, మధ్యలో ఆపి తిట్టుకోకు.

గడువు జూన్ పది. నీ ఆట పదకొండు. గడువు దాటించి ఈ ఏడాదికి తప్పించుకోవాలని చూస్తున్నావనుకున్నాను. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. చిన్నోడు ఆ కార్డు ఇచ్చింది నీ కాళ్ళు నడవలేవని. అవే కాళ్ళు ఇప్పుడు నా సంతకంతో ఆగిపోతే వాడు నడిచింది దేనికి అనిపించింది. పదో తారీఖున వెళ్ళి ఫిక్రెత్ అని సంతకం పెట్టేశాను. ఎమ్సుద్ నా వైపు చాలాసేపు చూసి, మీ ఇష్టం చెల్లెమ్మా అన్నాడు. అప్పటికి నాలుగు వారాలుగా అడగాలనుకుంటున్న మాట ఆ సాయంత్రం అమ్మని అడిగాను, నాకెందుకు అబద్ధం చెప్పావని.

"వాడు బతకాలి కదే. నీ కోపం నేను మోయగలను. వాడు మోయలేడు."

అంతే అంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పదకొండేళ్ళ కోపాన్ని ఇప్పుడెక్కడ పెట్టుకోను, చెప్పు?

మర్నాడు ఆట చూశాం. స్టేడియం అంతా లేచి వాడి పేరు పిలిచింది. అమ్మ అల్లిక పక్కన పెట్టేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నది.

సంతకం సంగతి ఆవిడకి చెప్పలేదు. జూలై మొదట్లో ఆకుపచ్చ అంచు చావు కబురు కాగితాలు అచ్చువేయించాం, ముర్సెల్ ఊళ్ళో అంటించి వచ్చాడు. రొట్టెల కొట్టు దగ్గర, మసీదు తలుపు పక్కన, బస్టాండులో, వంతెన దగ్గరి చెట్లకి, మొత్తం పద్నాలుగు. మృతుడు ఫిక్రెత్, 1974లో పుట్టినవాడు. దుఃఖిస్తున్నవారు తల్లి, అక్క హైరియా, సోదరుడు రుస్మిర్. అమ్మ శుక్రవారం రొట్టె కొనడానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళితే బస్టాండులో ఉంది. గోళ్ళతో కాగితం గీకుతోంది. జనం చుట్టూ నిలబడ్డారు. ముసలామెకి మతి పోయిందని ఎవరో అన్నారు, నేను విన్నాను, ఆవిడా విన్నది. ఆవిడ సంచిలో అప్పటికే పదకొండు కాగితాలున్నాయి. వేళ్ళ చివర్ల నెత్తురు. ఇంటికి పద అంటే, పైన రెండున్నాయి, నాకందవు, నువ్వు తియ్ అంది. తీశాను. ఊరంతా చూస్తుండగా మేమిద్దరం ఆ కాగితాలు చించుకుంటూ తిరిగాం.

అక్కణ్ణుంచి తిన్నగా ఎమ్సుద్ దగ్గరికి నడిచింది. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపింది.

"వాళ్ళకి పేర్లు పెట్టింది నేను. అక్కడున్నది రుస్మిర్, నా చిన్నోడు. ఫిక్రెత్ బతికే ఉన్నాడు, మొన్న మీ అందరి ముందూ ఆడాడు. రాసుకో నాయనా."

ఆయన రాసుకున్నాడు. జాబితాలోంచి పేరు తీసేశాడు. ఫిక్రెత్ అనేవాడు మనిషిగా వచ్చి, తాను ఫిక్రెత్‌నని చెప్పి సంతకం పెడితే గానీ రుస్మిర్ అని రాయడం కుదరదట. అందాకా చిన్నోడి పెట్టె వాళ్ళు ఎముకలు దాచే షెడ్డులోనే, అరమీదే.

నీ ఆట మేమే ఆపేశాం పెద్దోడా. నేను నీ కోసమని సంతకం పెట్టాను, అమ్మ చిన్నోడి కోసమని చించేసింది. ఎవర్ని తిట్టుకుంటావో తిట్టుకో. కానీ రా.

అక్క

*

గ్రాజ్,
2003 జూలై 12

అక్కా,

నిన్ను గానీ అమ్మని గానీ తిట్టుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నువ్వు ఉత్తరం రాసేసరికే నేను ఆటగాణ్ణి కాదు.

జూన్ పన్నెండున, ఆట మర్నాడే, జెనిత్సాలోనే ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ళ గదికి వెళ్ళి కార్డు బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను. కార్డు నకలు తీసుకుని తిరిగిచ్చారు, తేల్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు, నీక్కూడా రాయలేదు. అదే నేను చేసిన తప్పు. ఒక్క ముక్క రాసి ఉంటే అమ్మ గోళ్ళు విరిగేవి కావు. నిన్న నిర్ణయం వచ్చింది. ఇక ఎక్కడా ఆడనివ్వరు. ఆడినవన్నీ కొట్టేస్తారట. క్లబ్ వాళ్ళు గది ఖాళీ చెయ్యమన్నారు. కోచ్ ఒక్కడే కిందికి దిగొచ్చి చెయ్యి పట్టుకుని, "ఇరవై తొమ్మిదా? అయితే ఆ కాళ్ళు నయమే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆట దాకా ఎందుకు ఆగమన్నానంటే, వాడి పేరు అంతమంది నోట ఒక్కసారి అమ్మ చెవిన పడాలని. నాది అనుకుని కాదు, వాడిదని తెలిసి. ఆ రోజు వాళ్ళు పిలిచినప్పుడు నేను చెయ్యెత్తలేదు. నువ్వు టీవీలో గమనించావో లేదో.

పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఇంటికి వెళ్ళడానికి రాయబార కార్యాలయంలో ఒక కాగితం ఇచ్చారు. పేరు అని గుమాస్తా అడిగాడు. చెప్పాను. పదకొండేళ్ళ తర్వాత పైకి అంటుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. పుట్టిన సంవత్సరం 1974 అని చెప్పాను. ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు.

మంగళవారం బయల్దేరుతున్నాను. ఇక్కణ్ణుంచి మీ ఊరికి తిన్నగా బస్సుంది, కానీ ముందు ట్రావ్నిక్ వెళతాను. ఆ బడి ముందు కాసేపు కూర్చుంటాను. ఇస్తానన్నది అక్కడ కదా. అక్కణ్ణుంచి గురువారానికి మీ దగ్గర ఉంటాను. ఎమ్సుద్ గారికి చెప్పు, సంతకం పెట్టాల్సినవాడు వస్తున్నాడని. అందరితో పాటు కుదరకపోతే వాణ్ణి మనం ముగ్గురమే పూడ్చుదాం. పెట్టె మూసేముందు కార్డు స్వెట్టర్ మడతలో పెట్టాలి, అమ్మని అడుగు, ఒప్పుకుంటుందేమో.

అంచులు నలిగాయి, ఫొటో కాస్త వెలిసింది. అంతకు మించి ఏం కాలేదు. నేను వచ్చేలోపు నువ్వు ఆ షెడ్డుకి వెళితే వాడితో చెప్పు, పోగొట్టలేదని.

నీ పెద్దోడు,
ఫిక్రెత్